పులియబెట్టే విద్య మన చేతిలనే ఉన్నది, లెక్క కూడా మన చేతికి రావాలె

(సిద్దిపేటలో జరిగిన సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో అప్పు ఎంత ఇచ్చినం, ఎంత తిరిగొచ్చింది అనే లెక్క చదువుకుంటాం. ఈసారి మా ఉపసంఘానికి ఇంకొక పని అప్పజెప్పిండ్రు. పొలంల, వంటింట్ల, మార్కెట్ల మిగిలిపోయే గడ్డి, ఆకు, తొక్క, నూక ఇవన్నీ పులియబెట్టి, మాగబెట్టి నాలుగు పైసలు సంపాదించే పనులకు సమాఖ్య అప్పు ఇవ్వొచ్చా? ఇస్తే దేనికి ముందు, దేనికి వెనుక? ఇది తేల్చి చెప్పమన్నరు.

ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో మీకు తెలుసు. ఊర్లల్లకు రకరకాల మనుషులు వస్తున్నరు. ఒకాయన సీసా చూపించి ఇది పొలానికి మందు, ఇంటికి మందు, ఒంటికి కూడా మందు అంటడు. ఇంకొకాయన మా మిషన్ కొనుక్కోండి, మీరు తయారు చేసిన సరుకంతా మేమే కొంటం అంటడు, కాగితం మీద మాత్రం రాసియ్యడు. మిషన్ అమ్మినోడు డబ్బు తీసుకొని పోతడు. కిస్తీ మాత్రం నెలనెలా మన సంఘం పుస్తకంల ఉంటది. ఒక్క అక్క కట్టలేకపోతే మిగతా తొమ్మిది మందికి వచ్చే లింకేజీ ఆగుతది. అందుకే ఈ పనుల లోగుట్టు ఏందో, లెక్క ఏందో ముందుగాల తెలుసుకోవాలె.

తోడు పెట్టేటోళ్లకు ఇది కొత్త చదువు కాదు

పులియబెట్టుడు అంటే కంటికి కనిపించని చిన్న ప్రాణులతో పని చేయించుకొనుడు. పాలల్ల తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగైతది. తోడుల ఉన్న సూక్ష్మజీవులు పాలల్ల తీపిని తిని పులుపు తయారు చేస్తయి. ఆ పులుపుకు పాలు గడ్డకడతయి. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేస్తే పెరుగు కాదు, ఎందుకంటే ఆ ప్రాణులు చచ్చిపోతయి. చలికాలం గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెడతం, ఎందుకంటే వాటికి గోరువెచ్చదనం కావాలె. ఇవి మనకు ఎవరూ బడిల చెప్పలేదు.

ఇక ఎంజైమ్ అనే మాట. ఎంజైమ్ ప్రాణి కాదు. ప్రాణి తయారు చేసుకునే పనిముట్టు, మన చేతిల కొడవలి లాంటిది. పెద్ద పదార్థాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి పెడతది. అన్నం ముద్దను మింగకుండా చాలాసేపు నమిలితే తియ్యగైతది కదా, అది మన ఉమ్మిల ఉన్న ఎంజైమ్ చేసిన పని. పిండి పదార్థాన్ని కోసి చక్కెర చేసింది. ముదురు మటన్ ఉడకకపోతే పచ్చి బొప్పాయి ముక్క వేస్తం. బొప్పాయి పాలల్ల ఉండే పపైన్ అనే ఎంజైమ్ మాంసాన్ని మెత్తబరుస్తది. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, మాల్ట్ చేస్తే పిల్లలకు తొందరగా అరుగుతది. మొలకల పుట్టిన ఎంజైమ్ గింజల పిండిని ముందే కొంత కోసి పెట్టింది మరి. తాటి చెట్టు నుంచి దిగినప్పుడు తియ్యగ ఉన్న నీరా మధ్యాహ్నానికి ఘాటైన కల్లు అయితది. లొట్టికి అంటుకొని ఉండే ఈస్టు, ఇతర సూక్ష్మజీవులు దాంట్ల తీపిని మారుస్తయి.

అన్నిటికన్నా పెద్ద పులియబెట్టే తొట్టి మన కొట్టంలనే ఉన్నది. అది బర్రె కడుపు. మనం గడ్డి తింటే అరగదు. బర్రెకు కూడా తనంతట తనకు అరగదు. దాని మొదటి కడుపుల కోట్ల సూక్ష్మజీవులు ఉండి, వాటి ఎంజైమ్‌లతో పీచును విరగ్గొడతయి. బర్రె నెమరేస్తూ వాటికి మేత నూరి పెడతది. గడ్డి పాలుగా మారే దారి అదే.

మొక్కల నాలుగు రకాల సరుకు

ఏ మొక్కనైనా తీసుకోండి, దాంట్ల ముఖ్యంగా నాలుగు సరుకులు ఉంటయి. ఒకటి చక్కెర: పండ్లల్ల, పచ్చి కాడల్ల ఉండేది. సూక్ష్మజీవులు దీన్ని గంటల్లనే తింటయి. రెండోది పిండి: బియ్యం, జొన్న, మక్కల్ల ఉండేది. దీన్ని ముందు ఎంజైమ్ కోయాలె. మూడోది పీచు, సెల్యులోజ్ అంటరు: గడ్డిల, కాడల్ల ఉండేది. నాలుగోది లిగ్నిన్. ఇటుకల మధ్య సిమెంటు ఎట్లనో పీచుకు లిగ్నిన్ అట్ల. దీన్ని విడగొట్టుడు అన్నిటికన్నా కష్టం. కొన్ని రకాల పుట్టగొడుగులు మాత్రం ఆ పని బాగా చేస్తయి.

ఈ నాలుగూ గుర్తుంటే ఎవరొచ్చి ఏం చెప్పినా మనం అడగొచ్చు: “దీంట్ల ఉన్న సరుకు ఏంది? దాన్ని కోసే పనిముట్టు ఎక్కడిది?” ఎండిన వరిగడ్డిల చక్కెర దాదాపు లేదు. దాంట్ల మందు చల్లితే తెల్లారి గ్యాసు వస్తది అని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

మన జిల్లాల మిగులుతున్నది ఏంది

2020ల రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, 2022ల మల్లన్న సాగర్ వచ్చినయి. నీళ్లొచ్చినయి, వరి పెరిగింది. వరితో పాటు గడ్డి పెరిగింది. అయితే మిషన్ కోతల తర్వాత గడ్డి మడిలనే చెల్లాచెదురుగా పడుతది. ఏరుడు ఖర్చు అని అగ్గి పెట్టేటోళ్లు ఉన్నరు. కాలబెడితే గడ్డిల ఉన్న నత్రజని గాలిల కలుస్తది, పైపైన ఉన్న సూక్ష్మజీవులు మాడిపోతయి. ఇంకో దిక్కు జొన్న తగ్గింది, జొన్నతో పాటు చొప్ప పోయింది. ఎండాకాలం పాల బర్రె ఉన్న అక్కలు గడ్డి కట్టలు కొనుక్కునే పరిస్థితి. ఒక చేను గడ్డి కాలుతుంటది, పక్క కొట్టంల బర్రె ఖాళీ గాడి నాకుతుంటది. ఈ రెండిటి మధ్యనే మన పని ఉన్నది.

గడ్డి కాకుండా రైస్ మిల్లుల నూకలు, తవుడు ఉన్నయి. ములుగు మండలం వంటిమామిడి లాంటి కూరగాయల మార్కెట్ల రోజూ మిగిలే ఆకు, కాయ ఉన్నయి. సిద్దిపేట పట్టణంల తడి చెత్త, పొడి చెత్త విడదీసుడు మన అక్కలే ఇల్లిల్లూ తిరిగి అలవాటు చేసిండ్రు. ఆ తడి చెత్తతోని గ్యాసు చేసే బయో సీఎన్‌జీ ప్లాంటు బుస్సాపూర్‌ల పెట్టిండ్రు. చెత్తల ప్లాస్టిక్ కలిస్తే ఆ ప్లాంటు నడవదు. అంటే ప్లాంటు మొదటి మిషన్ మన వంటింటి రెండు బుట్టలే.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ సంగతి కూడా వినే ఉంటరు. హైదరాబాద్‌లనే ఉన్న ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతితోని అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టిండ్రు. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త, దాని నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, వంటకు 30 కిలోల ఇంధనం వస్తదని లెక్క చెప్పిండ్రు. 2021 జనవరిల ప్రధానమంత్రి రేడియో ప్రసంగంల కూడా దీని ప్రస్తావన వచ్చింది. కాబట్టి ఇది కథ కాదు, నడిచే పనే. కానీ 10 టన్నులు అన్న మాట గుర్తుపెట్టుకోండి. మన ఒక్కో ఊరుకు సరిపోయే కొలత వేరే.

ఇప్పుడు ఒక్కో పని చెప్తం.

పాతర గడ్డి

దీన్నే సైలేజీ అంటరు. మామిడికాయను ఉప్పుల ఊరబెట్టి ఏడాది పొడుగునా దాచుకున్నట్టు, పచ్చి మేతను గాలి తగలకుండా దాచుడు. పచ్చి మేతల ఉన్న చక్కెరను సూక్ష్మజీవులు పులుపుగా మారుస్తయి. ఆ పులుపుకు కుళ్లబెట్టే జీవులు బతకవు. మేత చెడిపోకుండా నెలల తరబడి ఉంటది.

దీనికి మక్క చాలా మంచిది. కంకిల గింజ పాలు పోయి గట్టిపడేటప్పుడు కోయాలె. ఒక అంగుళం ముక్కలుగా కత్తిరించాలె. పిడికిట్ల గట్టిగా పిసికి వదలాలె. నీళ్లు కారితే పచ్చి ఎక్కువ, ఒక పూట ఆరబెట్టాలె. ఉండ వెంటనే విడిపోతే ఎండింది. మెల్లగా విచ్చుకుంటే సరైన పాకం. గుంతలనో, సంచులల్లనో పొరలు పొరలుగా వేసి బాగా తొక్కాలె. ఎంత గాలి పోతే అంత మంచిది. పైన ప్లాస్టిక్ కప్పి మట్టి వేసి, వాన నీళ్లు దిగకుండా చూసి 45 రోజులు ముట్టొద్దు. తీసినప్పుడు పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, పుల్లటి మంచి వాసన ఉండాలె. నల్లగైనా, బూజు పట్టినా, ముక్కు మూసుకునే వాసన వచ్చినా పారేయాలె.

లెక్క చూద్దాం. ఒక బర్రెకు రోజుకు 15 కిలోల చొప్పున ఎండాకాలం 100 రోజులు పెడితే 1,500 కిలోలు. ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతల బాగా తొక్కితే సుమారు 500 కిలోలు పడుతది. అంటే ఒక బర్రెకు అటువంటి మూడు గుంతల జాగ కావాలె. నీళ్లున్న ఎకరంల సుమారు 15 టన్నుల పచ్చి మక్క మేత వస్తదనుకుందాం. మాగేటప్పుడు, పైపొర పాడై కొంత తరుగు పోతది. ఆ తరుగు తీసేసినా ఒక ఎకరం ఎనిమిది బర్లకు ఎండాకాలం దాటిస్తది. పది మంది ఉన్న ఒక సంఘానికి ఇది దగ్గరి లెక్క.

ఈ పని గురించి మేము ఎక్కువ చెప్తున్నది ఎందుకంటే, దీనికి బయట మార్కెట్ అక్కర్లేదు. తయారు చేసిన సరుకు మన కొట్టంలనే ఖర్చయితది. ఎండాకాలం గడ్డికి పోయే పైసలు మిగులుతయి, పాలు పడిపోవు. ఇంకో మాట: బర్రె ఉండి భూమి లేని అక్కలకే దీని అవసరం ఎక్కువ. భూమి ఉన్న అక్క మేత పండించి సంఘానికి అమ్మాలె, భూమి లేని అక్క కత్తిరించి, తొక్కి, తన వాటా తీసుకోవాలె. కూలి ఎంత, మేత ధర ఎంత అనేది కోతకు ముందే తీర్మానం పుస్తకంల రాసుకోవాలె. కోసినంక మాట్లాడుకుంటే పంచాయితీ అయితది.

జాగ్రత్తలు: మొదటి వారం కొద్ది కొద్దిగా అలవాటు చేయాలె. పాలు పిండినంకనే పెట్టాలె, లేకపోతే పాలకు వాసన పడుతది. బూజు పట్టిన మేత, బూజు మక్కలు బర్రెకైనా పెట్టొద్దు. బూజుల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం పాలల్లకు దిగుతది. పాలు ఎంత మరగబెట్టినా అది పోదు. ఆ పాలు తాగేది మన పిల్లలే.

ఇడ్లీ, దోశ పిండి

మినుముల, బియ్యంల సహజంగా ఉండే సూక్ష్మజీవులే పిండిని పులియబెడతయి. వాటిల ముఖ్యమైన దాని పేరు ల్యూకోనోస్టాక్. అది వదిలే గ్యాసుకు పిండి పొంగుతది, పులుపుకు రుచి వస్తది, అరుగుదల పెరుగుతది. ఇది ఇంటి పని అని తీసిపారేయొద్దు. 2005ల బెంగళూరుల 50 చదరపు అడుగుల గదిల కొందరు అన్నదమ్ములు రుబ్బిన పిండి ప్యాకెట్లు అమ్ముడు మొదలుపెట్టిండ్రు. అదే ఇయ్యాల ఐడీ ఫ్రెష్ అనే పెద్ద కంపెనీ. తరతరాల నుంచి పిండి రుబ్బింది ఆడోళ్లు, ప్యాకెట్ మీద పేరు మాత్రం ఇంకొకరిది.

మన దగ్గర సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్ పట్టణాల దగ్గరున్న సంఘాలకు ఈ పని కుదురుతది. అసలు సమస్య రుబ్బుడుల లేదు, చల్లదనంల ఉన్నది. ప్యాకెట్ల పోసినంక కూడా పిండి పులుస్తనే ఉంటది. చల్లదనం దాన్ని ఆపదు, నెమ్మది చేస్తది అంతే. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే ప్యాకెట్లు ఉబ్బుతయి, దుకాణపాయన వాపసు పంపుతడు. కాబట్టి ఫ్రిజ్ ఖర్చు, వాపసు వచ్చే ప్యాకెట్ల ఖర్చు ముందే లెక్కల వేసుకోవాలె. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలె, ప్యాకెట్ మీద తయారైన తేదీ, వాడాల్సిన గడువు వేయాలె. 2020ల మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంల ఆహార పదార్థాలు తయారు చేసే సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం సమాఖ్య ద్వారా ఇచ్చే వీలు పెట్టిండ్రు. దరఖాస్తు పెట్టే ముందు ఈ ఏటి నిబంధనలు ఆఫీసుల కనుక్కోండి.

వరిగడ్డి మీద పుట్టగొడుగులు

లిగ్నిన్‌ను విరగ్గొట్టే పనిముట్లు పుట్టగొడుగులకు ఉన్నయని చెప్పినం. ముత్యపు చిప్ప పుట్టగొడుగు వరిగడ్డి మీద బాగా వస్తది. గడ్డిని రెండంగుళాల ముక్కలు చేసి, నానబెట్టి, వేడినీళ్లల్ల ఉడికించి, నీరు కారిపోయేటట్టు ఆరబెట్టి, సంచిల పొరపొరకూ విత్తనం వేయాలె. పదిహేను, ఇరవై రోజులు చీకటి గదిల ఉంచితే గడ్డి అంతా తెల్లటి దారాలు అల్లుకుంటయి. తర్వాత కొంచెం వెలుతురు, గాలి, తడి ఉంటే మొగ్గలు వస్తయి. కిలో ఎండు గడ్డికి అర కిలో నుంచి కిలో దాకా పుట్టగొడుగులు తీయొచ్చు. మిగిలిన గడ్డి వానపాముల ఎరువుకు పనికొస్తది.

అయితే దీనికి 20 నుంచి 30 డిగ్రీల మధ్య చల్లదనం కావాలె. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్ల 40 దాటుతది. కాబట్టి మాములు గదిల చేసేటోళ్లకు ఇది చలికాలం పని. ఏడాదంతా నెలకు ఇంత వస్తది అని ఎవరన్నా కాగితం మీద రాసి చూపిస్తే ఎండాకాలం మూడు నెలలు కొట్టేసి మళ్లీ లెక్క వేయండి. కోసినంక ఒకటి రెండు రోజులల్లనే అమ్ముడుపోవాలె. విత్తనం నమ్మకమైన చోటు నుంచే తేవాలె. మన జిల్లాలనే ములుగుల కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. మెలకువలు అక్కడ అడగొచ్చు.

పేడ గ్యాసు

గాలి తగలని గుంతల పేడను సూక్ష్మజీవులు విరగ్గొడితే వచ్చేదే గోబర్ గ్యాస్. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ కావాలె, అంటే నాలుగైదు పశువులు. ఒక ఘనపు మీటరు గ్యాసు సుమారు 450 గ్రాముల వంట గ్యాసుతోని సమానం. రోజూ రెండు ఘనపు మీటర్లు వస్తే నెలకు 27 కిలోలు, అంటే దాదాపు రెండు సిలిండర్లు. బయటికొచ్చే జారుడు మంచి ఎరువు. పశువులు నాలుగు లేని ఇంట్ల ఇది పెడితే తొట్టి ఉంటది, గ్యాసు ఉండదు.

ఒక మాట గట్టిగా చెప్తున్నం. గ్యాసు గుంత బాగు చేయడానికి ఎవరూ లోపలికి దిగొద్దు, పిల్లలను దించొద్దు. లోపల ఊపిరాడే గాలి ఉండదు, విష వాయువు ఉంటది. ఒకరు పడిపోతే కాపాడపోయినోళ్లు కూడా పోతరు. తెలిసిన మనుషులను పిలిపించాలె, ఆ ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలె.

జీవామృతం, తొక్కల ద్రావణం

జీవామృతం మీలో చాలా మంది చేస్తున్నరు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మన్ను. రెండు రోజులు కలియబెట్టి ఎకరానికి వాడుతం. దీన్ని నేలకు వేసే తోడు అనుకోవాలె. తోడు ఉండి పాలు లేకపోతే పెరుగు కానట్టు, నేలల ఆకు, గడ్డి, పశువుల ఎరువు లేకుండా జీవామృతం ఒక్కటే పంట పండించదు. గడ్డి కాలబెట్టిన మడిల ఇది పోసుడు దండుగ.

నిమ్మ, బత్తాయి తొక్కల బయో ఎంజైమ్ థాయిలాండ్‌ల రోసుకాన్ పూంపన్‌వాంగ్ అనే ఆమె ప్రచారం చేసిన పద్ధతి. ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్లు, మూడు నెలలు. తయారయ్యేది ముఖ్యంగా పలుచని సిర్కా లాంటి పుల్లటి నీళ్లు. బోరు నీళ్లకు నల్లాల మీద, బండల మీద పట్టే తెల్ల మరకలను ఆ పులుపు వదిలిస్తది. ఇంట్ల కడుక్కునే సామాను ఖర్చు తగ్గిస్తది. అంతవరకు మంచిదే. రోగం తగ్గిస్తది, అన్ని క్రిములను చంపుతది అని చెప్పి అమ్మొద్దు, ఎవరికీ తాగడానికి ఇవ్వొద్దు. మొదటి నెల రోజూ మూత తీసి గ్యాసు వదలాలె. గాజు సీసాల బిగించి పెడితే పేలుతది.

పెద్ద ఫ్యాక్టరీ సంగతి

నూకలను, మక్కలను ఎంజైమ్‌లతోని చక్కెర చేసి, ఈస్టుతోని పులియబెడితే ఇథనాల్ వస్తది. పెట్రోల్‌ల కలుపుతున్నది అదే. మన కల్లుకు, దానికి మూలం ఒక్కటే. కానీ కొలత మారితే సంగతి మారుతది: నీళ్లు ఎన్ని తీసుకుంటది, మిగిలిన మురుగు ఎటు పోతది, వాసన ఎవరి ఇంటికి వస్తది? 2024 నవంబరుల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కిండ్రు, ఆడోళ్లు కూడా కూర్చున్నరు. మేము ఇక్కడ ఆ తగాదా తీర్చడానికి రాలేదు. చిన్న పనికైనా ఆ ప్రశ్నలు అడగాలె అని చెప్తున్నం. మన పిండి యూనిట్ కడిగిన నీళ్లు ఎవరి వాకిట్లకు పోతయో కూడా మనమే చూసుకోవాలె.

పులియబెట్టే పనికి పంచసూత్రాలు

ఫ్యాక్టరీకి ఉన్నదేంది, మనకు లేనిదేంది అని మేము ఆలోచించినం. సూక్ష్మజీవులు ఇద్దరి దగ్గరా ఒక్కటే. వాళ్ల దగ్గర కొలత ఉన్నది, రాత ఉన్నది. మనం “ఇంత”, “గుప్పెడు”, “పొంగినంక” అంటం. ఇంట్ల అది చాలు. అమ్మే సరుకుకు చాలదు. నిన్నటి పిండి, ఇయ్యాలటి పిండి ఒక్క తీరుగ ఉంటేనే కొన్నామె మళ్లీ వస్తది.

సంఘానికి పంచసూత్రాలు ఉన్నట్టే దీనికి ఐదు పెట్టుకుందాం. ఒకటి, శుభ్రం: చేయి, గిన్నె, నీళ్లు. రెండు, తూకం: ప్రతిసారి కాంటా మీద. మూడు, వేడి, సమయం: థర్మామీటరు చూసి, గంటలు రాసి. నాలుగు, పులుపు: పీహెచ్ కాగితం ముంచి రంగు చూసుడు. పాతర గడ్డికి 4 దగ్గర ఉండాలె. ఐదు, పుస్తకం: ఏ రోజు ఏం వేసినం, ఎన్ని గంటలు, ఎట్ల వచ్చింది, ఎంత అమ్మినం, ఎంత పారేసినం. పారేసింది రాయకపోతే లాభం అబద్ధమైతది. పొదుపు పుస్తకం ఇన్నేండ్లు తప్పు లేకుండా నడిపిన మనకు ఇది కష్టం కాదు.

ఉపసంఘం ప్రతిపాదనలు

ఒకటి. ఈ ఏడు అప్పుల ముందు వరుస పాతర గడ్డికి ఇవ్వాలె. గ్రామ సంఘం ఒక గడ్డి కత్తిరించే మిషన్ కొనాలె, సంఘాలు వంతుల వారీగా వాడుకోవాలె. భూమి లేని పాడి అక్కల పేర్లు జాబితాల ముందు ఉండాలె.

రెండు. పట్టణాల దగ్గరి సంఘాలకు పిండి యూనిట్‌కు అప్పు ఇవ్వాలె. అయితే ముందు నెల రోజులు ఇంటి గ్రైండర్‌తోనే చేసి, అమ్మకం, వాపసు రాసిన పుస్తకం చూపించాలె.

మూడు. పుట్టగొడుగులకు శిక్షణ తీసుకున్నోళ్లకే, చలికాలానికి ముందే, చిన్న మొత్తం ఇవ్వాలె. కిస్తీలు కూడా పంట వచ్చే నెలలకు సరిపోయేటట్టు పెట్టాలె.

నాలుగు. నాలుగు పశువులు ఉన్న ఇంటికే పేడ గ్యాసు ప్లాంటు.

ఐదు. తొక్కల ద్రావణానికి అప్పు వద్దు. ఇంటి వాడకానికి ప్రతి అక్క చేసుకోవచ్చు, దానికి ఒక డబ్బా చాలు.

ఆరు. సరుకు మేమే కొంటం అని మిషన్ అమ్మవచ్చినోళ్లు ఎవరైనా, ధర, గడువు, సరుకు కొనకపోతే ఏం చేస్తరో రాసిచ్చిన కాగితం మండల సమాఖ్య చూసే దాకా ఏ సంఘమూ సంతకం పెట్టొద్దు.

అక్కలారా, ఈ ప్రతిపాదనల మీద మధ్యాహ్నం మండలాల వారీగా కూర్చొని మాట్లాడాలని కోరుతున్నం. మీ ఊర్ల ఎన్ని పాల బర్లు ఉన్నయి, ఎండాకాలం గడ్డికి ఎంత ఖర్చయితున్నది, ఎవరికి భూమి ఉన్నది, ఎవరికి లేదు అనే లెక్క వీఓఏ చెల్లెళ్ల దగ్గర రాయించండి. యాసంగి మక్క వేసే ముందే తీర్మానం అయితే వచ్చే ఎండాకాలానికి గాడిల మేత ఉంటది. ఆలస్యమైతే ఇంకో ఏడు కట్టలు కొనుడే.